రియర్ ఎంట్రీ మీద పడిన తప్పు ముద్ర

స్నోబోర్డు బైండింగ్‌ల ప్రస్తావన రాగానే దుకాణాల్లోనూ, శిక్షకుల నోటా, పాత రైడర్ల కబుర్లలోనూ ఒకటే మాట వినిపిస్తుంది. వెనక నుంచి కాలు దూర్చే బైండింగ్, అంటే రియర్ ఎంట్రీ, కొత్తవాళ్లకీ నడుం వంచలేనివాళ్లకీ. బోర్డు మీద గట్టి పట్టు కావలసినవాళ్లకి మాత్రం రెండు పట్టీల బైండింగే దిక్కు. సౌకర్యం కావాలంటే పట్టు వదులుకోవాలి, పట్టు కావాలంటే మంచులో కూర్చుని పట్టీలు బిగించుకోవాలి. వినడానికి ఎంతో సబబుగా ఉంటుంది కాబట్టి ఈ లెక్కను ఎవరూ పరీక్షించి చూడరు. సియాటిల్‌లోనో డెన్వర్‌లోనో ఉద్యోగం చేస్తూ చలికాలంలో మొదటి బోర్డు కొనబోయే తెలుగు కుర్రవాడికీ, గుల్మార్గ్ ప్రయాణం పెట్టుకున్న హైదరాబాదు అమ్మాయికీ అందే సలహా ఇదే. ఈ సలహా తలకిందులుగా ఉందని నా వాదన. రియర్ ఎంట్రీకి లోపాలున్నాయి, అవి చిన్నవేమీ కావు. కానీ జనం చెప్పే లోపాలు వేరు, దానిలో నిజంగా ఉన్నవి వేరు. ఆ నిజమైన లోపం వల్ల ఎక్కువ నష్టపోయేది, దాన్ని ఎవరికి అంటగడుతున్నామో ఆ కొత్తవాళ్లే. దాని నిజమైన మేలు పూర్తిగా అందేది, ఎవరిని దాని జోలికి పోవద్దంటున్నామో ఆ చేయి తిరిగిన రైడర్లకే.

ముందు బైండింగ్ చేసే పనేమిటో చూద్దాం. స్నోబోర్డు మీద రెండు కాళ్లూ బోర్డుకు అడ్డంగా బిగించి ఉంటాయి. ముందుకు ఒరిగితే వేళ్ల వైపు అంచు, వెనక్కి ఒరిగితే మడమల వైపు అంచు మంచును కోస్తుంది. మలుపు తిరగడమంటే ఒక అంచు నుంచి ఇంకో అంచుకు బరువు మార్చడమే. మామూలు బైండింగ్‌లో బూటు కింద బేస్‌ప్లేటు, పిక్క వెనక నిలబడే హైబ్యాక్, చీలమండ మీదుగా ఒక పట్టీ, వేళ్ల దగ్గర ఇంకో పట్టీ ఉంటాయి. ఎక్కిన ప్రతిసారీ పట్టీలను రాచెట్‌తో పన్ను పన్నుగా బిగించుకోవాలి. రియర్ ఎంట్రీలో పట్టీ ముందే బిగించి ఉంటుంది, హైబ్యాక్ అడుగున కీలు ఉంటుంది. వెనక ఉన్న లివర్ తీస్తే హైబ్యాక్ వెనక్కి వాలుతుంది. బూటును వెనక నుంచి లోపలికి జార్చి, హైబ్యాక్ లేపి లివర్ మూస్తే సరి. 1996లో మొదలైన ఫ్లో కంపెనీ ఈ పద్ధతికి పేరు తెచ్చింది. దాని తొలి బైండింగ్‌లలో రెండు పట్టీల బదులు పాదం పైభాగాన్నంతా కప్పే ఒకే వెడల్పాటి పట్టీ ఉండేది. హైబ్యాక్‌ను ఉక్కు కేబుల్ ఒకటి ముందుకు లాగి పట్టి ఉంచేది. తర్వాత కే2 సంస్థ తెచ్చిన సించ్‌లో మామూలు రెండు పట్టీలే ఉండేవి, హైబ్యాక్ వాలినప్పుడు చీలమండ పట్టీ దానంతటదే వదులయ్యేది. ఫ్లోను 2016లో స్విట్జర్లాండ్ సంస్థ నిడెకర్ కొన్నది. రియర్ ఎంట్రీ అన్న పేరు కింద ఉన్నది ఒకే నమూనా కాదని ఫ్లో, సించ్‌ల తేడాను బట్టే తెలుస్తుంది. ఎప్పుడో ఒక పాత నమూనా మీద కుదిరిన అభిప్రాయాన్ని మొత్తం జాతికి పులమడం మొదటి పొరపాటు.

రెండో పొరపాటు ఇంకా పాతది. 1990ల మధ్యలో స్టెప్-ఇన్ బైండింగ్‌లు వెల్లువలా వచ్చాయి. కే2 సంస్థ షిమానోతో కలిసి తెచ్చిన క్లిక్కర్, బర్టన్ ఎస్ఐ, స్విచ్ లాంటివన్నీ ఆ కోవలోవే. వాటిలో పట్టీలే లేవు. బూటు అడుగున గానీ పక్కన గానీ లోహపు ముక్క ఉండేది, అది బోర్డు మీది గొళ్లెంలో టక్కున పడేది. పట్టీ చేసే పనంతా బూటే చేయాల్సి రావడంతో బూట్లను గట్టిగా, బరువుగా తయారుచేశారు. గొళ్లెంలో మంచు పేరుకుంటే కాలు పట్టేది కాదు. బోర్డు కాలికి అందించే స్పర్శ పోయిందని రైడర్లు ఫిర్యాదు చేశారు, అందులో న్యాయం ఉంది. 2000 దాటిన కొన్నేళ్లకే అవి దాదాపు కనుమరుగయ్యాయి. అవి పోతూపోతూ మిగిల్చిన అనుమానం మాత్రం పోలేదు. త్వరగా కాలు పట్టే బైండింగ్ ఏదైనా సరే పనికిరానిదేనన్న భావం పాతుకుపోయింది. రియర్ ఎంట్రీ ఆ అనుమానానికి వారసురాలైంది, కానీ దాని నిర్మాణానికీ స్టెప్-ఇన్‌కూ పోలిక లేదు. రియర్ ఎంట్రీలో వేసుకునేది మామూలు మెత్తటి బూటే. పాదాన్ని పట్టి ఉంచేది పట్టీయే. పిక్కకు ఆసరా ఇచ్చేది బయటి హైబ్యాకే. పట్టీల బైండింగ్‌లో బలం బోర్డుకు ఏ దారిన వెళుతుందో ఇక్కడా ఇంచుమించు ఆ దారినే వెళుతుంది. మారింది కాలు లోపలికి వచ్చే దారి ఒక్కటే.

పట్టు సంగతి మరికొంచెం నిదానంగా చూడాలి, ఎందుకంటే వివాదమంతా అక్కడే ఉంది. మడమ అంచు మీద నిలవడానికి రైడర్ తన పిక్కను హైబ్యాక్‌కు ఆనిస్తాడు. పట్టీల బైండింగ్‌లో ఆ తోపు హైబ్యాక్ నుంచి మడమ చుట్టూ ఉన్న కమ్మీకి, అక్కడి నుంచి బోర్డుకు చేరుతుంది. కేబుల్ ఉన్న రియర్ ఎంట్రీలో అదే తోపు కేబుల్ ద్వారా బేస్‌ప్లేటుకు చేరుతుంది. ఉక్కు కేబుల్ ఈ బలానికి సాగదు, అందువల్ల ఇక్కడ పట్టు జారడానికి సూత్రరీత్యా కారణం లేదు. వేళ్ల అంచు మీద ఒరిగినప్పుడు బూటు మడమ పైకి లేవాలని చూస్తుంది, దాన్ని అణచి ఉంచాల్సింది పాదం మీది పట్టీ. రెండు సన్నని పట్టీలు ఒత్తిడిని రెండు గీతల మీద పెడతాయి, వెడల్పాటి పట్టీ దాన్ని పాదం పైభాగమంతటా పరుస్తుంది. బాగా బిగించిన చీలమండ పట్టీ కింద పాదం తిమ్మిరెక్కే వాళ్లకు ఇది చిన్న మేలు కాదు. మరి రియర్ ఎంట్రీ వేసుకున్న చాలామంది మడమ లేస్తోందని ఎందుకంటారు? పట్టీ వదులుగా ఉండటం వల్ల. కాలు సుళువుగా దూరాలని పట్టీని వదులు చేసుకుంటారు, ఆ తర్వాత పట్టు లేదని బైండింగ్‌ను నిందిస్తారు. పట్టీల బైండింగ్‌ను రెండు పళ్లు తక్కువ బిగించి దిగినా మడమ అలాగే లేస్తుంది. అప్పుడు తప్పు బిగింపుదని అందరికీ తెలుస్తుంది కాబట్టి దాన్ని ఎవరూ ఏమీ అనరు. సుళువుగా ఎక్కేదేదీ గట్టిగా పట్టదనే వాళ్లకు ఇంకో సంగతి కూడా గుర్తుచేయాలి. ఒలింపిక్స్‌లో పారలల్ జెయింట్ స్లాలమ్ పోటీకి దిగేవాళ్లు మెత్తటి బూట్లూ వాడరు, పట్టీలూ వాడరు. గట్టి ప్లాస్టిక్ బూటును వేళ్ల దగ్గరా మడమ దగ్గరా లోహపు కమ్మీలు పట్టే ప్లేటు బైండింగ్‌లు వాళ్లవి. 2018లో ప్యోంగ్‌చాంగ్‌లో స్నోబోర్డు మీదా స్కీల మీదా రెండు స్వర్ణాలు గెలిచిన ఎస్తర్ లెదెట్స్కా బోర్డు మీద నిలబడింది అలాగే. స్నోబోర్డింగ్‌లో అంచు పట్టు అన్నింటికంటే ముఖ్యమైన ఆ పోటీలోనే పట్టీలు కనిపించనప్పుడు, పట్టుకు మూలం పట్టీ బిగించుకునే శ్రమేనన్న మాట నిలవదు.

దీనికి బలమైన ఎదురు ప్రశ్న ఒకటుంది, దాన్ని తప్పించుకోకూడదు. రియర్ ఎంట్రీ అంత బాగుంటే హాఫ్‌పైప్‌లో, స్లోప్‌స్టైల్‌లో పేరున్న రైడర్లలో ఎక్కువ మంది పట్టీలెందుకు వాడుతున్నారు? సగం జవాబు వ్యాపారంలో ఉంది. పేరున్న రైడర్ తనకు డబ్బు కట్టే కంపెనీ సరుకు వాడతాడు, పెద్ద కంపెనీలలో చాలావాటి ప్రధానమైన సరుకు పట్టీల బైండింగ్. రియర్ ఎంట్రీ తయారుచేసిన కంపెనీ జట్టులోనూ గొప్పవాళ్లు ఉండేవారు. 2010 వాంకూవర్ ఒలింపిక్స్ హాఫ్‌పైప్‌లో కాంస్యం గెలిచిన స్కాటీ లాగో అప్పట్లో ఫ్లో రైడర్. 2017లో బర్టన్ తన స్టెప్ ఆన్ తెచ్చిన తర్వాత గాలి మారిన తీరు కూడా గమనించాలి. వేళ్ల దగ్గర రెండు, మడమ దగ్గర ఒకటి, మొత్తం మూడు చోట్ల బూటును పట్టుకునే ఈ బైండింగ్‌కు పట్టీలే లేవు, దానికి ప్రత్యేకమైన బూట్లే కొనాలి. అయినా త్వరగా ఎక్కే బైండింగ్ అంటే మొహం తిప్పుకున్నవాళ్లలో ఎందరో దాన్ని ఆదరించారు. అంటే ఇంతకాలం అడ్డుపడింది భౌతిక సూత్రం ఒక్కటే కాదు, పేరు కూడా. ఇక మిగతా సగం జవాబు నిజంగా పట్టీల పక్షాన ఉంది. గాలిలో బోర్డును ఒంటికి అడ్డంగా తిప్పి వంచే విన్యాసాలకు చీలమండ పక్కలకు కొంత కదలాలి. పట్టీల బైండింగ్‌లో ఆ కదలికను రైడర్ పరుగు పరుగుకూ తనకు కావలసినంత పెట్టుకోగలడు. వెడల్పాటి పట్టీ ఆ స్వేచ్ఛను కొంత మింగేస్తుంది. విన్యాసాలే ప్రాణంగా బోర్డు ఎక్కేవాళ్లు పట్టీలు ఎంచుకుంటే అది సరైన ఎంపిక. కానీ కొండ మీద బోర్డు వేసే జనంలో వాళ్లు కొద్దిమంది. ఆ కొద్దిమంది అవసరం మిగిలిన అందరికీ నియమమైపోయింది.

ఇప్పుడు రియర్ ఎంట్రీ అసలు లోపం దగ్గరికి వద్దాం. అది కొలతలిచ్చి కుట్టించుకున్న చొక్కా లాంటిది. ఎవరి కొలతలకు కుట్టారో వాళ్లకే సరిగ్గా అతుకుతుంది, ఇంకొకరు తొడుక్కుంటే అప్పటికప్పుడు సర్దుకునే వీలుండదు. పట్టీల బైండింగ్ ప్రతి పరుగుకూ కొత్తగా బిగిస్తాం కాబట్టి ఏ బూటుకైనా ఎంతో కొంత ఒదుగుతుంది. రియర్ ఎంట్రీని ఇంట్లోనో దుకాణంలోనో ఒక బూటుకు ఒకసారి కుదుర్చుతాం, ఆ తర్వాత అది ఆ కొలతనే గుర్తుపెట్టుకుంటుంది. కుదర్చడానికి ఓపిక కావాలి. బూటు ముందు భాగమూ మడమా బోర్డు అంచులు దాటి సమానంగా బయటికి ఉండేలా బైండింగ్‌ను జరపాలి. హైబ్యాక్ ఎంత ముందుకు వాలి ఉండాలో తేల్చాలి. పట్టీని కొంచెం కొంచెంగా బిగిస్తూ ప్రతిసారీ లివర్ మూసి చూడాలి. లివర్ చివరి దాకా ఏ అడ్డూ లేకుండా మూసుకుంటే పట్టీ వదులుగా ఉన్నట్టు, చేతి బలమంతా పెట్టినా మూసుకోకపోతే మరీ బిగుతుగా ఉన్నట్టు. సరైన బిగింపు ఆ రెండింటి నడుమ సన్నని పట్టెలో ఉంటుంది. అక్కడితోనూ అయిపోదు. కొత్త బూటు లోపలి మెత్త మొదటి కొన్ని రోజుల్లో అణగిపోతుంది, పట్టీని మళ్లీ బిగించాలి. మేజోళ్ల మందం మారినా, బూటు తాడు లాగి కట్టే తీరు మారినా బిగింపు మారుతుంది. బూటు మారితే మొత్తం పని మొదటికొస్తుంది, ఎందుకంటే ఒక కంపెనీ బూటు ముక్కు ఉబ్బుగా ఉంటే ఇంకో కంపెనీది పొట్టిగా ఉంటుంది. ఈ పని పూర్తి చేసినవాడికి ప్రతి పరుగులోనూ ఒకే బిగింపు దొరుకుతుంది. చేతి తొడుగులతో, చలిలో, అలసటలో బిగించే పట్టీ ఒక పరుగులో ఒకలా ఇంకో పరుగులో ఇంకోలా ఉంటుంది. ఈ ఒకేతనమే రియర్ ఎంట్రీ అసలు బలమని నేననుకుంటాను. దాన్ని అమ్మేవాళ్లు కూడా సెకన్ల ఆదా గురించి చెబుతారే గానీ దీని గురించి చెప్పరు.

ఈ వెలుగులో కొత్తవాళ్లకిచ్చే సలహాను మళ్లీ చూడండి. కొత్తవాడికి సొంత బూటు ఉండదు. టాహో సరస్సు దగ్గరి కొండలకు శనాదివారాల్లో వెళ్లే కుటుంబం ఉదయాన్నే అద్దె దుకాణం ముందు బారు తీరుతుంది. ఈ వారం ఒక కంపెనీ బూటు, వచ్చే నెల ఇంకోటి చేతికొస్తాయి. అంత రద్దీలో బైండింగ్‌ను ఆ బూటుకు నిదానంగా కుదిర్చే తీరిక ఎవరికుంటుంది? రియర్ ఎంట్రీ అద్దెకు ఇస్తే అది ముందు రోజు వాడినవాడి బూటుకు బిగించిన కొలతతోనే వచ్చే అవకాశం ఎక్కువ. లివర్ మూసుకుంది కాబట్టి అంతా సవ్యంగా ఉందని కొత్తవాడు నమ్ముతాడు. వేళ్ల అంచు మీదికి వెళ్లబోయినప్పుడల్లా మడమ లేచి పడిపోతూ ఉంటే, తప్పు తన మోకాళ్లదో, బూటుదో, పట్టీదో అతనికి తెలియదు. తెలుసుకునే అనుభవం లేకపోవడమే కొత్తదనం. పైగా రియర్ ఎంట్రీ ఎక్కడానికి నిలబడాలి. మొదటి రోజుల్లో వాలు మీద ఒక కాలు బోర్డులో పెట్టుకుని నిలబడటమే కష్టం, కూర్చుని పట్టీలు బిగించుకోవడం ఆ దశలో తేలిక. కొత్తవాడు మాటిమాటికీ పడి, కూర్చుని, లేస్తూ ఉంటాడు గానీ పడిన ప్రతిసారీ బైండింగ్ విప్పడు. అందువల్ల రియర్ ఎంట్రీ మిగిల్చే సమయం కూడా అతనికి పెద్దగా అక్కరకు రాదు. అతనికి కావలసింది ఏ బూటు వేసుకున్నా అప్పటికప్పుడు బిగించుకోగలిగే పట్టీల బైండింగ్, దాన్ని సరిగ్గా బిగించడం చూపించే మనిషి.

అద్దెకివ్వడానికి పనికొచ్చే రియర్ ఎంట్రీలు లేవా అని అడగవచ్చు. 2023లో నిడెకర్ తెచ్చిన సూపర్‌మాటిక్ ఏ కంపెనీ బూటుతోనైనా పనిచేస్తుంది. మడమను కిందికి నొక్కితే హైబ్యాక్ దానంతటదే లేచి మూసుకుంటుంది, లివర్ కోసం వంగే పని కూడా లేదు. మంచి ఆలోచనే. కానీ ఏ బూటైనా పట్టడం వేరు, ప్రతి బూటుకూ కుదిర్చి ఉండటం వేరు. దాని పట్టీలనూ ఎవరో ఒకరు ఆ బూటుకు తగ్గట్టు బిగించాల్సిందే. ఆ ఒక్క పని చేసే దుకాణం కొత్తవాడికి రియర్ ఎంట్రీ ఇస్తే నాకు అభ్యంతరం లేదు. ఆ పని చేయకుండా, తేలికగా ఉంటుందిలే అని చేతిలో పెట్టడం మీదే నా అభ్యంతరం.

లోతైన మంచులో రియర్ ఎంట్రీ మొరాయిస్తుందన్న విమర్శకు మాత్రం పూర్తి బలం ఉంది. గుల్మార్గ్‌నే తీసుకుందాం. అక్కడ కేబుల్ కారు మొదటి అంచె 1998లో, అఫర్వత్ శిఖరం వైపు ఎక్కించే రెండో అంచె 2005లో మొదలయ్యాయి. రెండో అంచె చివరి మజిలీ దాదాపు 4,000 మీటర్ల ఎత్తున ఉంటుంది. చైర్‌లిఫ్ట్ ఎక్కేటప్పుడు వెనక కాలు ఒక్కటే విప్పితే చాలు. కేబుల్ కారులో బోర్డు పూర్తిగా విప్పి పట్టుకెళ్లాలి, పైన దిగాక రెండు కాళ్లూ మళ్లీ బిగించుకోవాలి. ఆ లెక్కన రియర్ ఎంట్రీకి ఇది అనువైన చోటనిపిస్తుంది. తుడిచి చదును చేసిన దారి మీద నిజంగానే అనువు. దారి వదిలి మెత్తటి మంచులోకి వెళ్లి, అక్కడ పడి, బోర్డు విప్పాల్సి వస్తే కథ మారుతుంది. బూటు అడుగున మంచు అంటుకుంటుంది, బైండింగ్ పీఠం మీద గట్టిపడి కూర్చుంటుంది. బూటు అర అంగుళం ఎత్తులో ఆగిపోతే ముందే బిగించిన పట్టీ కింద అది దూరదు, దూరినా లివర్ మూసుకోదు. నిటారు వాలు మీద కూర్చున్నప్పుడు హైబ్యాక్ వెనక్కి వాలడానికి చోటే ఉండదు, అది కొండకే తగులుతుంది. పట్టీలను పూర్తిగా తెరిచి పై నుంచి కాలు పెట్టడం అక్కడ ఎంతో సులువు. ఇందువల్లే ఫ్లో తర్వాతి నమూనాల్లోనూ, సూపర్‌మాటిక్‌లోనూ రాచెట్‌లు ఉంచారు. వెనక దారి మూసుకుపోతే పట్టీలు విప్పి ముందు నుంచి ఎక్కవచ్చు. అలా ఎక్కినవాడు తను కుదుర్చుకున్న బిగింపును చెడగొట్టుకుని మళ్లీ సరిచేసుకోవాలి కూడా. ఎప్పుడూ దారి లేని మంచులోనే తిరిగేవాడికి పట్టీల బైండింగ్ మంచిదని నేను ఒప్పుకుంటాను. అతను చేయి తిరిగినవాడు కావడం వల్ల కాదు, అతను తిరిగే చోటు అలాంటిది కావడం వల్ల. నైపుణ్యాన్ని బట్టి బైండింగ్ పంచడం ఎందుకు తప్పో చూపడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు. ఎంపిక చేయాల్సింది మంచును బట్టి, బూటును బట్టి, బోర్డు మీద చేసే పనిని బట్టి.

రియర్ ఎంట్రీని మెచ్చుకునేవాళ్ల అతిశయోక్తి గురించి ఒక్క మాట. సెకన్ల ఆదాను వాళ్లు కొండంత చేస్తారు. చురుకైన రైడర్ నిలబడే పట్టీలు బిగించుకోగలడు, అతనికి దక్కే సమయం స్వల్పం. చిన్న కొండ మీద పొట్టి చైర్‌లిఫ్ట్ ఎక్కి రోజంతా పదే పదే దిగేవాడికి మాత్రం తేడా పేరుకుపోతుంది. నడుం నొప్పో మోకాలి నొప్పో ఉన్నవాడికి అది సమయం ప్రశ్న కాదు, ఆ రోజు కొండెక్కాలా ఇంట్లో ఉండాలా అన్న ప్రశ్న. వాళ్లలో చాలామంది ఏళ్ల తరబడి బోర్డు వేసినవాళ్లే, సొంత బూట్లు ఉన్నవాళ్లే. రియర్ ఎంట్రీకి కావలసినవన్నీ వాళ్ల దగ్గరున్నాయి. అయినా కొత్తవాళ్ల బైండింగ్ అనే ముద్ర చూసి సంకోచించి, నొప్పి ఓర్చుకుంటూ పట్టీలతోనే సరిపెట్టుకుంటారు. ఈ ముద్ర వల్ల జరుగుతున్న హానిలో నన్ను ఎక్కువ బాధించేది ఇదే.

చివరగా బరువు, మరమ్మతు. కీలు, లివర్, కేబుల్ వల్ల రియర్ ఎంట్రీ సాధారణంగా బరువెక్కువ. చైర్‌లిఫ్ట్ మోసుకెళ్లే చోట ఆ బరువు పెద్దగా తెలియదు, నడిచి కొండెక్కేవాడికి తెలుస్తుంది. మరమ్మతు విషయం దీనికంటే బరువైనది. పట్టీ తెగినా రాచెట్ విరిగినా విడి భాగం చాలా దుకాణాల్లో దొరుకుతుంది, మరలు తిప్పడం వచ్చిన ఎవరైనా మార్చుకోగలరు. కేబుల్ తెగినా, లివర్ విరిగినా ఆ కంపెనీ భాగమే కావాలి, కొండ దగ్గరి దుకాణంలో అది దొరుకుతుందన్న హామీ లేదు. ఇది నైపుణ్యంతో గానీ సర్దుబాటుతో గానీ తీరే లోపం కాదు. అందువల్ల రియర్ ఎంట్రీ కొనే రైడర్ ప్రతి సీజన్ మొదట్లోనూ కేబుల్ పోగులు విడుతున్నాయా, కీలు దగ్గర ప్లాస్టిక్ చిట్లిందా, లివర్ తాళం గట్టిగా పడుతోందా అని చూసుకోవాలి. దూరప్రయాణానికి బయల్దేరితే ఆ కంపెనీ విడి కేబుల్ ఒకటి సంచిలో వేసుకోవాలి.